తాటిమొద్దుకు ఆ పక్కన

కృపారావు తాయెత్తు దాచుకున్నాడని సంఘానికి తెలిసింది శత్రువుల వల్ల కాదు, కట్టుకున్న పెళ్ళాం వల్ల. ఎలీసమ్మ ఒకరోజు ఆయన రంగుల పెట్టె సర్దుతూంటే అడుగున, ఎండి కట్టెల్లా బిగుసుకుపోయిన కుంచెల కింద, గుడ్డపీలికలో చుట్టిన రాగి తాయెత్తు దొరికింది. వేలెడు కూడా లేని గొట్టం. ఒక కొన మూత ఊడిపోతే ఎవరో ఎర్ర లక్కతో మూశారు. "ఇదేటి మావా?" అని అడిగితే కృపారావు నోరు విప్పలేదు. రంగుల వాసనకు పట్టుకున్న దగ్గు తగ్గడానికి ఏ మంత్రగాడి గుమ్మమో తొక్కి ఉంటాడని ఆవిడే తీర్మానించేసుకుంది.

మూడు తరాలుగా బాప్టిస్టు సంఘంలో ఉన్న ఇల్లు. అలాంటి ఇంట్లో తాయెత్తా! ఎలీసమ్మ దాన్ని కొంగున ముడేసుకుని తిన్నగా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆ ఆదివారమే కృపారావును ప్రభువు బల్లకు దూరం పెట్టారు. నెలకోసారి అందరూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకుంటుంటే ఆయన చివరి వరసలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే చాలు, మళ్ళీ చేర్చుకుంటామన్నారు. ఆయన ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. తాయెత్తు మాత్రం పాస్టరుగారి చేతిలోంచి వెనక్కి అడిగి తీసుకుని మళ్ళీ ఆ పెట్టెలోనే పెట్టుకున్నాడు. ఇంత మొండితనం ఎక్కడైనా ఉందా? అప్పట్నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలు అన్నం పెట్టడం, కంచం తియ్యడం వరకే.

ఇదంతా ముందే ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, ఆ తాయెత్తు సంగతి తెలియకపోతే కొండ మీద ఏం జరిగిందో బోధపడదు.

కొండంటే పెద్ద కొండేం కాదు. రిజర్వాయరు పక్కన మెట్ట. దాని నెత్తిన సిమెంటు బల్లలు వేసి, చుట్టూ ఇనుప రెయిలింగు కట్టి, 'వ్యూ పాయింట్' అని బోర్డు పెట్టారు. ఆదివారమైతే సాలూరు నుంచి, బొబ్బిలి నుంచి బళ్ళేసుకుని వస్తారు. నీళ్ళకేసి వీపు పెట్టి ఫొటోలు తీసుకుంటారు. 'అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!' అంటారు. ప్రశాంతంగా ఉండకేం? నెత్తి మునిగేదాకా నీళ్ళు పోస్తే ఏ ఊరైనా ప్రశాంతంగానే ఉంటుంది. ఆ నీళ్ళ కింద ఉన్నది నూకలవలస. కృపారావు, ఎలీసమ్మల ఊరు.

ఊరు మునిగాక జనాన్ని రోడ్డు పక్కన కాలనీలో పెట్టారు. కాలనీ వాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు మెట్టెక్కి చూసొచ్చినవాళ్ళే. ఎలీసమ్మ ఒక్కతే ఎక్కలేదు. ఎప్పుడు వెళ్దామన్నా కృపారావుకి ఏదో ఒక పని అడ్డం వచ్చేది. ఈ వేసవిలో గేట్ల మరమ్మతు అని నీళ్ళు కిందికి వదిలేశారు. ఊరు బయటపడింది, చర్చి గోడలు కూడా కనిపిస్తున్నాయి అని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. ఎలీసమ్మకు చర్చి గోడలతో పని లేదు.

"మన గ్లోరీని తీసిన సోటు ఓపాలి సూసొస్తాను. నువ్వొస్తే రా, నేకపోతే నాను ఆటో ఎక్కి ఎల్లిపోతాను" అంది.

కృపారావు చాలాసేపు చేతులకంటిన రంగు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆఖరికి చొక్కా తగిలించుకున్నాడు.

గ్లోరీ వాళ్ళ ఒక్కగానొక్క పిల్ల. నాలుగేళ్ళది. ఒక ఎండాకాలం ఊరి మీద మాయదారి జ్వరం పడింది. అప్పటికి ఇంకా ఊరుంది, ప్రాజెక్టు మాట కాగితాల్లోనే ఉంది. ఆ జ్వరంలో పోయింది పిల్ల. క్రిస్మసుకు కుట్టించిన తెల్లగౌను తొడిగి, ఊరి చివర సమాధుల తోటలో, తాళ్ళ వరస కొసన ఉన్న తాటిచెట్టు మొదట్లో పెట్టారు. ఆ తాళ్ళ వరసే హద్దు. ఇవతల క్రైస్తవుల సమాధులు. అవతల ఊళ్ళోని హిందూ రైతుల శ్మశానం.

కృపారావుది లారీ బాడీలకు రంగులేసే పని. సాలూరు షెడ్లలో మిగిలిన రంగులు డబ్బాల అడుగున తెచ్చుకుని సమాధుల సిలువలన్నిటికీ ఆయనే వేసేవాడు. అందుకే నూకలవలస సమాధుల తోట అంత కళగా ఉండేది. చిలకపచ్చ, నారింజ, నీలం, అంచుల్లో తామరపూరేకులు. ఏటా ఈస్టరు ముందు చెక్కసిలువలన్నీ పెరికి, ఆయన వాకిట్లో పెట్టేవారు. రంగులు ఆరాక మళ్ళీ తీసుకెళ్ళి పాతేవారు. ఇంకెక్కడైనా ఇలా చేస్తారో లేదో తెలియదు, ఆ ఊళ్ళో మాత్రం అదే ఆనవాయితీ.

ఆ ఆనవాయితీయే కొంప ముంచింది. ఆ ఏడు సిలువలన్నీ కృపారావు వాకిట్లో ఆరుతుండగానే ఆఫీసర్లు వచ్చి, గేట్లు దించి నీళ్ళు నిలబెట్టేస్తున్నాం, ఖాళీ చెయ్యండి అన్నారు. వెనకాలే మిషన్లు దిగాయి. తాళ్ళు కొట్టేశాయి, గట్లు చదును చేసేశాయి, సమాధుల దిబ్బలు కూడా సాపు చేసేశాయి. గుర్తుగా ఉండాల్సిన సిలువలేమో ఊళ్ళో, రంగులు కారుతూ, గోడకు చేరబడి ఉన్నాయి. ఎవరి తల్లి ఎక్కడుందో, ఎవరి తాత ఎక్కడున్నాడో అంచనా మీద తవ్వుకున్నారు. దొరికినవాళ్ళు తెచ్చుకున్నారు, దొరకనివాళ్ళు ఏడ్చుకుంటూ లారీ ఎక్కారు.

ఎలీసమ్మ ఎక్కలేదు. పిల్ల లేకుండా కదలనని నేల మీద కూర్చుంది. అన్నం మానేసింది. అప్పుడు కృపారావు పార భుజాన వేసుకుని ఒక్కడే వెళ్ళి, పొద్దుగూకే వేళకు తెల్లగుడ్డలో చిన్న మూట తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. కాలనీ తోటలో మొట్టమొదట పాతిన సిలువ గ్లోరీదే. ఎలీసమ్మ దాని చుట్టూ సున్నం వేస్తుంది, బంతిమొక్కలు వేస్తుంది, ఈస్టరుకు కొవ్వొత్తులు పెడుతుంది. మొగుడితో ఆడని మాటలన్నీ అక్కడ కూర్చుని పిల్లతో ఆడుతుంది. కాలనీని ఆమెకు ఊరుగా చేసింది ఆ చిన్న దిబ్బ ఒక్కటే.

వాళ్ళు మెట్టెక్కేసరికి ఎండ వాలింది. రెయిలింగు దగ్గర ఓ కొత్తజంట ఫోనుతో వీడియో తీసుకుంటోంది. కింద చూస్తే నీళ్ళు ఎక్కడో నడిమధ్యకు పోయి, ఒడ్డంతా బురద. పైన ఎండి పెళ్ళలు కట్టిన బురద, కింద మనిషిని మింగే బురద. మొన్నే ఒక గేదె దిగి, కొమ్ముల దాకా కూరుకుపోయి, అరిచి అరిచి చచ్చిందట. ఎవర్నీ దిగనివ్వడం లేదని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. చర్చి గోడలు నడుం దాకా ఉన్నాయి. మెట్ట కిందనే, అరచేతిలో పెట్టినట్టు, సమాధుల తోట ఉన్న చోటు. పైన మట్టి నీళ్ళకు కోసుకుపోయి తేలిన, నల్లబడ్డ తాటిమొద్దులు వరసగా ఉన్నాయి.

ఎలీసమ్మ కొసన ఉన్న మొద్దును వెంటనే పోల్చుకుంది. అక్కడ గొయ్యి లేదు, గుర్తు లేదు, ఒండ్రు కప్పేసింది. అయినా ఆమెకు గుండె కుదుటపడింది. నా పిల్ల ఆ బురదలో లేదు, బయటపడింది, అనుకుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి మొగుడి వైపు కాస్త మెత్తగా చూసింది కూడా. కృపారావు ఆమె చూపును తప్పించుకుని చెప్పుల్లోంచి ఇసుక దులుపుకున్నాడు.

"ఓలమ్మ! నువ్వు ఎలీసమ్మవి కాదేటి?"

సిమెంటు బల్ల మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు. ఎలీసమ్మ తేరిపార చూసింది. తవిటమ్మ. నూకలవలసలో పెద్దరైతు జగన్నాధం నాయుడి భార్య. ఎలీసమ్మ పడుచుతనమంతా వాళ్ళ మళ్ళలోనే వరి ఉభాలకు, అంటే నాట్లకు, వంగింది. ఊరు మునిగినప్పుడు వాళ్ళు వేరే దారి పట్టారు. తర్వాత మళ్ళీ చూడలేదు.

"బాగున్నారేటి నాయురాలమ్మా?"

"బాగేటి. ఆయన పోయేరు. బొబ్బిలిలో కూతురు దగ్గిర పడున్నాను. ఏటా ఓపాలి ఇక్కడికొస్తన్నాను. ఇయాల మా సూరిగాడు పోయిన రోజు గదా."

ఎలీసమ్మకు గుర్తొచ్చింది. గ్లోరీ పోయిన జ్వరాల్లోనే, అదే వారంలో, జగన్నాధం కొడుకు సూరయ్య కూడా పోయాడు. ఐదేళ్ళవాడు. రైతులు పెద్దల్ని కాలుస్తారు గానీ పసిపిల్లల్ని పూడుస్తారు. పూడ్చిన చోట గుర్తేదీ పెట్టరు.

"ఆడోళ్ళు శ్మశానానికి ఎల్లకూడదు గదా, ఆ సోటు నానెప్పుడూ సూడనేదు" అంది తవిటమ్మ. "కొసాకరి తాడి మొదట్లో, మీవోళ్ళ తోటకి అవతలేపు ఎట్టేం అని మా నాయుడు సెప్పేరు. ఆ మాటొక్కటే నాకున్నాది. అన్నేళ్ళూ ఉత్త నీలు సూసి ఎల్లిపోయీదాన్ని. ఇయాలే ఆ మొద్దు సూస్తన్నాను. నువ్వు అదురుష్టవంతురాలివే ఎలీసమ్మా. నీ పిల్లని తెచ్చుకున్నావంట. మావోడు ఆ నీలలోనే ఉండిపోనాడు."

"ఊరుకోండమ్మా" అంది ఎలీసమ్మ.

"ఒంటిమీద ఏటీ ఉంచకూడదని మొలతాడు, మురుగులు అన్నీ తీసీసేరు. తాయెత్తు మాత్రం తియ్యనివ్వనేదు నాను. శివరాత్రికి ముఖలింగం గుడికి తీసుకెల్లి కట్టించిన తాయెత్తు అది. ఓ కొసన మూత ఊడిపోతే కంసాలి సేత ఎర్ర లక్క ఎట్టించేను. అదొక్కటే ఆడికి తోడెల్లింది."

ఎలీసమ్మ మెల్లగా తల తిప్పి మొగుడి వైపు చూసింది. కృపారావు రెయిలింగు పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. ఆ మొహం ఆమెకు బాగా తెలుసు. అందరూ రొట్టె పుచ్చుకుంటున్నప్పుడు చివరి వరసలో గోడకు ఆనుకుని ఉండే మొహం అది.

ఆమె వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని, మూసేసిన కూల్‌డ్రింకుల బంకు వెనక్కి ఈడ్చుకుపోయింది.

"నా పిల్లేది మావా?"

కృపారావు తాటిమొద్దుల వైపు గడ్డం ఎత్తాడు. "అక్కడే ఉన్నాది."

ఎలీసమ్మ ఆయన చొక్కా పట్టుకుంది. కొడదామనుకుంది. చెయ్యి లేవలేదు.

"నాకేటి తెలుసే? సిలవ నేదు, దిబ్బ నేదు, సెట్టు కొట్టీసి మొద్దుమీదకి మట్టి తోసీసేరు. ఏది ఇవతలో ఏది అవతలో తెలీనేదు. తవ్వేను. ఎముకలు సిన్నవే. తాయెత్తు అగుపించేక తెలిసింది మన పిల్ల కాదని. ఇటేపు తవ్వుదామంటే నీరు మోకాలు దాకా వచ్చీసింది. ఆ పిల్లడ్ని మళ్ళా నీటిలో ఎట్టీడానికి నాకు సెయ్యి రానేదు. ఇద్దర్లో ఒకలైనా బయటడతారనుకున్నాను. నువ్వేమో బువ్వ మానీసి కూకున్నావు. నీకేటని సెప్పను?"

"నాను పాస్టరుగారికి సెప్పేను. నిన్ను బల్లకి దూరం ఎట్టించేను."

"ఎట్టించేవు" అన్నాడు కృపారావు. అందులో నిష్ఠూరం లేదు. అది ఆమెకు ఇంకా కోసినట్టయింది. ఒక్కమాట చెప్తే తీరిపోయేదానికి, ఆ మాట ఎవరి చెవిన పడినా పెళ్ళానికి పిల్ల దిబ్బ కూడా మిగలదని, ఈ మనిషి నెలనెలా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎలీసమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాయురాలికి సెప్పకే" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "నాయుళ్ళ పిల్లడు మన తోటలో, సిలవ కింద ఉన్నాడంటే ఆళ్ళు ఊరుకుంటారేటి? మనుషులేసుకుని వస్తారు. నన్ను కొడితే కొట్టనీ. ఆడ్ని తవ్వి తీసుకుపోతే నీకేటి మిగుల్తాది? కొవ్వొత్తి ఎక్కడెడతావు?"

నిజమే. ఏం మిగులుతుంది? ఎలీసమ్మ ఏమీ ఎరగనట్టు ఆటో ఎక్కి ఇంటికి పోవచ్చు. రేపు పొద్దున్న బంతిమొక్కలకు నీళ్ళు పోసుకోవచ్చు. వానలొస్తాయి, గేట్లు దించుతారు, మొద్దులు మళ్ళీ మునిగిపోతాయి. నీళ్ళ కింద ఎవరున్నారో, మట్టి కింద ఎవరున్నారో అడిగేవాడెవడు? ఆ దిబ్బ దగ్గర ఏళ్ళకేళ్ళు చెప్పుకున్న మాటలు తన పిల్ల వినలేదు, పరాయి పిల్లాడు విన్నాడు. విననీ. వాడు మాత్రం పసివాడు కాడా! ఇలా అనుకుంటూనే బంకు చాటు నుంచి బయటికొచ్చింది.

తవిటమ్మ లేచి రెయిలింగు దగ్గర నిలబడి ఉంది. కవరులోంచి బెల్లం పాకంలో మురీలు, అదే మరమరాలు, కలిపి చుట్టిన ఉండ ఒకటి తీసింది. పమిట నడుముకు బిగించి, బలమంతా కూడదీసుకుని తాటిమొద్దుకేసి విసిరింది.

"సూరీ, తినరా నానా. నీకిష్టమని సేసి తెచ్చేను."

ఉండ మెట్టవాలులో రాళ్ళ మీద పడి చితికిపోయింది. ఎక్కడివో రెండు కాకులు దిగాయి. కొత్తజంటలో కుర్రాడు ఫోను ఇటు తిప్పి అది కూడా వీడియో తీశాడు. తవిటమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉండ ఎంత దూరం పోయిందో తెలియక, బురదకేసి వెదుక్కుంటోంది. అక్కడ లేని కొడుకు కోసం వెదుక్కుంటోంది. ఎలీసమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది.

"అక్కడ ఇసరకండి నాయురాలమ్మా. ఆడు అక్కడ లేడు."

"ఏటే?"

"ఆడు మా కాడున్నాడు. నా పిల్ల అనుకుని మా మావ ఆడ్ని తవ్వి తెచ్చీసేడు. తాయెత్తు మా ఇంటికాడున్నాది. ఓ కొసన ఎర్ర లక్క."

కృపారావు ముందుకొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు, కొట్టినా తిట్టినా పడడానికి సిద్ధపడ్డవాడిలా. తవిటమ్మ ఆయన్ని చూడను కూడా లేదు. సిమెంటు బల్ల తడుముకుని కూలబడింది. చాలా చిన్న గొంతుతో అడిగింది.

"నీలలో లేడేటి?"

"లేడమ్మా."

"పొడినేలేనా?"

"పొడినేలే. గట్టు మీద. ఏటా సున్నం ఏస్తన్నాను. బంతిమొక్కలేసేను."

"ఆడికి సీకటంటే బయ్యం. దీపం ఉంటేగాని పడుకునీవోడు కాడు."

"కొవ్వొత్తులెడతన్నాను. ఒక్క ఏడు కూడా మాననేదు."

అప్పుడు ఏడ్చింది తవిటమ్మ. పరువుగల ఇంటి నాయురాలు, మొగుడు పోయినప్పుడు కూడా పమిట చాటునే ఏడ్చి ఉంటుంది, ఫోనులు పట్టుకున్న జనం మధ్య గొల్లుమని ఏడ్చింది. ఎలీసమ్మ ఆవిడ పక్కన, బల్ల మీద కాకుండా అలవాటు కొద్దీ కింద, కాళ్ళ దగ్గర కూర్చుంది. తవిటమ్మ ఆమె భుజం పట్టుకుని పైకి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ చెయ్యి వదల్లేదు.

"రేపు అల్లుడితో వస్తాను. తీసుకెల్తాను" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఏటనుకోకు."

"మీ పిల్లడు. మీరు తీసుకెల్లండి" అంది ఎలీసమ్మ. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత బలం కావాల్సొచ్చిందో పక్కనున్న కృపారావుకు తెలుసు.

మెట్ట మీది జనం ఒక్కరొక్కరే దిగిపోతున్నారు. నీళ్ళ మీద ఎండ ఎర్రబడింది. ఇద్దరూ తాటిమొద్దుకేసి చూస్తూ కూర్చున్నారు. ఇంతలో ఏదో తట్టినట్టు తవిటమ్మ ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగింది.

"మరి నీ పిల్లో?"

ఎలీసమ్మ చెయ్యెత్తి కిందకు చూపించింది. మొద్దుకు ఇవతల, నల్లటి బురద.

తవిటమ్మ అటు చూసింది. తర్వాత కవరులో చెయ్యి పెట్టి ఒక ఉండ తీసి ఎలీసమ్మ అరచేతిలో పెట్టింది.

చనిపోయినవాళ్ళకు తిండి పెట్టడం వాళ్ళ సంఘంలో తప్పు. తాయెత్తు కన్నా పెద్ద తప్పు. ఎలీసమ్మ చేతిలో ఉండకేసి చూసింది, మొగుడికేసి చూసింది. లేచి రెయిలింగు దగ్గరికి వెళ్ళి, "గ్లోరీ" అని పిలిచి, విసిరింది. అది కూడా మొద్దు దాకా పోలేదు. వాలులోనే ఎక్కడో రాలిపోయింది. ఎలీసమ్మ రెయిలింగు మీద తల ఆనించి వంగిపోయింది.

వెనకనుంచి కవరు చప్పుడయింది.

"ఇంకోటున్నాది" అంది తవిటమ్మ. "ఈపాలి మీ ఆయన్ని ఇసరమను. మగోడి సెయ్యి, దూరం ఎల్తాది."